వంశధార దళం యూరోపా దాకా వెళ్తే తిరిగి రాగలదా? (నాలుగు చందమామల కథాలోకం, తొమ్మిదో అధ్యాయం చర్చ)

వంశధార_గట్టు | గుణుపురం, రాయగడ జిల్లా

అందరికీ నమస్కారం. మన కథాలోకంలో తొమ్మిదో అధ్యాయం ఈసారి మహేంద్రగిరి గారు రాస్తున్నారు. వంశధార దళం కాలిస్టో రేవు విడిచి యూరోపా మీదికి వెళ్ళేది ఇందులోనే. ఎనిమిది అధ్యాయాలుగా దళం రేవులోనే ఉంది. ఇప్పుడు కదలాలి. కదిలే ముందు లెక్క కుదరాలి, అందుకే ఈ చర్చ మొదలుపెట్టాను.

కొత్తగా చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. కథాకాలం 2380ల నాటిది. గురుగ్రహం చుట్టూ తిరిగే పెద్ద చందమామలు నాలుగు: అయో, యూరోపా, గానిమీడ్, కాలిస్టో. 1610లో గెలీలియో తన దుర్భిణిలో చూసినవి ఇవే. మనవాళ్ళు అన్నిటికన్నా బయట ఉన్న కాలిస్టో మీద స్థిరపడ్డారు. ఎందుకంటే గురుడి రేడియేషన్ అక్కడ దాదాపు లేనట్టే. యూరోపా నేల మీద ఏ కాపూ లేకుండా నిలబడ్డ మనిషికి రోజుకి సుమారు 5.4 సీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదుకి కొలత) తగులుతాయి, ఒక్క రోజులోనే ప్రాణం మీదికి వస్తుంది. అక్కడివాళ్ళు మంచు అడుగున ఊళ్ళు కట్టుకున్నారు. వాళ్ళు గానిమీడ్ దారి మూసెయ్యడంతో తగువు మొదలైంది.

దళంలో నౌకలు ఆరు. వంశధార డ్రోన్ల తల్లినౌక, దళపతి ఉండేది అందులోనే. ఇంద్రావతి, ప్రాణహిత మిసైల్ నౌకలు. మాచ్‌ఖండ్ పాత ఫ్రిగేట్. నాగావళి ఇంధనం మోసే ట్యాంకర్. ఆరోది సిగ్నల్ నౌక, దాని పేరు గిడుగు. మన లోకంలో కాంతిని మించిన వేగం లేదు, కృత్రిమ గురుత్వం లేదు, కనపడని కవచాలు లేవు. ఈ మూడూ మొదటి అధ్యాయం నుంచి మనం గట్టిగా పట్టుకున్నవి, ఇప్పుడు ఒగ్గెయ్యకూడదు.

నేను అడిగేది ఒకటే. నాగావళిని దళంతో పంపాలా, కాలిస్టోలోనే ఉంచాలా? నా మటుకు నాకు ఈ యుద్ధాన్ని తేల్చేది ఆ ట్యాంకరే.

సిరొంచ_రేవు | సిరొంచ, గడ్చిరోలి జిల్లా

మాస్టారూ, ట్యాంకర్ ముచ్చట తర్వాత చూద్దాం. వంశధార మీద ఫైటర్లు ఎన్ని ఉన్నయో చెప్పుండ్రి ముందుగాల. వట్టి డ్రోన్లంటే చదివేటోనికి గుండె కొట్టుకోదు. ప్రాణహిత పేరు పెట్టుకున్న నౌక గంత దూరంల నిలబడి మిసైళ్ళు ఒదులుడు నాకు నచ్చుత లేదు. ఎదురుంగ పోవాలె. లోపల మనిషి ఉండాలె, ఆనికి భయం ఉండాలె.

జయపురం_కక్ష్య | జయపురం, కొరాపుట్ జిల్లా

రేవు అన్నా, విమానం గాలిని ఆనుకుని మలుపు తిరుగుతుంది. అక్కడ ఆనుకోవడానికి ఏమీ లేదు. ఫైటర్ వెళ్ళాలంటే వేగం పుంజుకోవాలి, లక్ష్యం దగ్గర ఆ వేగం చంపుకోవాలి, వెనక్కి మళ్ళీ పుంజుకోవాలి, తల్లినౌక దగ్గర మళ్ళీ ఆగాలి. నాలుగుసార్లు ఇంధనం మండాలి. మిసైల్‌కి ఆగే పని లేదు, వెనక్కి వచ్చే పనీ లేదు. అదే ఇంధనంతో అది ఎంతో వేగంగా పోతుంది. ఆ పోటీలో ఫైటర్ నిలవదు.

అలాగని మనిషి అక్కర్లేదని నేననను. కాలిస్టోకీ యూరోపాకీ మధ్య దూరం వాటి స్థానాల్ని బట్టి 12 లక్షల నుంచి 25 లక్షల కి.మీ. దాకా మారుతుంది. కాంతి సెకనుకి 3 లక్షల కి.మీ. పోతుంది కాబట్టి అక్కడ జరిగింది ఇక్కడ కనపడ్డానికి 4 నుంచి 8 సెకన్లు పడుతుంది. ఆజ్ఞ తిరిగి చేరడానికి ఇంకో అంత. అప్పటికి డ్రోన్ ముందున్న పరిస్థితి మారిపోయి ఉంటుంది. అందుకని నిర్ణయం తీసుకునే మనిషి డ్రోన్లకి 30 వేల కి.మీ. లోపల ఉండాలి, అప్పుడు ఆలస్యం సెకనులో పదో వంతు. నలుగురు పట్టే చిన్న పడవ ఒకటి వంశధార నుంచి ముందుకి వెళ్ళి డ్రోన్లని నడిపించనీ. నువ్వడిగిన భయం ఆ పడవలో కావలసినంత ఉంటుంది.

సిరొంచ_రేవు

గిది మంచిగున్నది. పడవకు సోమ్నూరు అని పేరు పెడ్దం. ఇంద్రావతి గోదాట్ల కలిసేది మా తాలూకాల ఆడనే. పడవ ముచ్చట నేనే రాస్త, ఎవ్వరికీ ఇయ్యద్దు.

సునాబెడ_టర్బైన్ | సునాబెడ, కొరాపుట్ జిల్లా

ఇంధనం అడుగుతున్నారు, తుపాకులు అడుగుతున్నారు. వేడి గురించి ఎవరూ అడగడం లేదు.

మా ఊళ్ళో హెచ్.ఏ.ఎల్. ఇంజిన్ల కర్మాగారం 1960ల నుంచీ ఉంది. మిగ్-21 ఇంజిన్లతో మొదలై సుఖోయ్-30కి వాడే ఏఎల్-31ఎఫ్‌పీ దాకా వచ్చింది. ఇంజిన్ల మధ్య బతికినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, శక్తి పుట్టించడం సగం పనే. మిగిలిన వేడిని బయటికి పంపడం రెండో సగం. జెట్ ఇంజిన్‌కి ఆ వేడి పట్టుకుపోయే గాలి ఉంది. శూన్యంలో వేడి పోవాలంటే కిరణాలుగా పోవడం తప్ప దారి లేదు.

వంశధార రియాక్టరు వృథా వేడి 100 మెగావాట్లు అనుకోండి. రేడియేటర్ పలక 1000 కెల్విన్ దగ్గర కాలుతుంటే చదరపు మీటరుకి దాదాపు 57 కిలోవాట్లు వదుల్తుంది. అంటే 1,760 చదరపు మీటర్లు కావాలి, రెండు వైపులా పనిచేసే పలకైతే 880. అదే పలక 300 కెల్విన్‌లో, అంటే మన గది వేడిమిలో ఉంటే, చదరపు మీటరుకి అర కిలోవాట్ కూడా పోదు. అప్పుడు 2 లక్షల చదరపు మీటర్లు దాటుతుంది. కాబట్టి పలకలు ఎర్రగా కాలుతూనే ఉండాలి. నౌక కన్నా పలకలే పెద్దవి. ఎవరైనా చుట్టుకొలత వేసి బొమ్మ గీస్తే బాగుంటుంది, మన పాత బొమ్మల్లో నౌకలకి రెక్కలే లేవు.

ఇప్పుడు యుద్ధం. శత్రువు మిసైల్ ముక్కలైనా చాలు, పలక చిల్లు పడితే అందులో పారే లోహద్రవం కారిపోతుంది. అందుకని పోరుకి ముందు పలకలు మడిచి కవచం లోపల పెట్టుకోవాలి. మడిచాక వేడి ఎక్కడికి పోతుంది? లోపల మంచు నిల్వ ఉంచుకోవాలి. టన్ను మంచు కరిగి మరిగే దాకా వేడెక్కడానికి 750 మెగాజౌళ్ళ చిల్లర తీసుకుంటుంది. 100 టన్నుల మంచు ఉంటే 100 మెగావాట్లకి పన్నెండున్నర నిమిషాలు. ఆ నీటిని ఆవిరి చేసి బయటికి వదిలేస్తే 50 నిమిషాల దాకా లాగొచ్చు గానీ ఆ నీళ్ళు మళ్ళీ రావు, పైగా ఆవిరి మబ్బు దూరానికి కనపడుతుంది.

కాబట్టి మహేంద్రగిరి గారూ, యూరోపా పోరు రోజుల తరబడి సాగదు. దళపతి పలకలు మడవమన్న క్షణం నుంచి పన్నెండు నిమిషాలు. ఈలోగా తేలాలి. తేలకపోతే పలకలు విప్పి దెబ్బలు కాచుకోవాలి.

మహేంద్రగిరి | పర్లాకిమిడి, గజపతి జిల్లా

బాబాయ్, ఈ పన్నెండు నిమిషాలు చాలు నాకు. అధ్యాయం నడుం అదే.

నిర్వాహకం

సినిమాల్లోని నౌకలతో పోలికలు పెట్టిన రెండు స్పందనలు తీసేశాం. ఇక్కడ మన లోకం గురించే మాట్లాడుకుందాం.

బరంపురం_సిగ్నల్ | బరంపురం, గంజాం జిల్లా

నౌకాదళంలో పనిచేసి వచ్చినవాణ్ణి, ఒక మాట చెప్పనివ్వండి. పలకలు అంత వేడిగా కాలుతుంటే దాక్కోవడం కుదరదు, ఒప్పుకుంటాను. కానీ కనపడ్డం వేరు, ఎవరో తెలియడం వేరు.

1971 యుద్ధం సంగతి విశాఖలో పెద్దవాళ్ళందరికీ తెలుసు. మన విమానవాహక నౌక విక్రాంత్ బాయిలర్‌కి పగులు, పూర్తి వేగం అందుకోలేని స్థితి. దాన్ని ముంచడానికి పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ బంగాళాఖాతంలోకి వచ్చింది. మనవాళ్ళు విక్రాంత్‌ని అండమాన్ వైపు పంపేసి, విశాఖ దగ్గర ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్‌ని పెట్టారు. రాజ్‌పుత్ రెండో ప్రపంచయుద్ధం నాటి డిస్ట్రాయర్, వయసైపోయిన ఓడ. అది విక్రాంత్‌లాగా రేడియో సందేశాలు పంపింది. అంతటితో ఆగలేదు. పెద్ద ఓడకి సరిపడా బియ్యం, కూరగాయలు, మాంసం రేవులో ఆర్డరు పెట్టారు, ఆ మాట బజారులో పాకింది. విక్రాంత్ విశాఖలోనే ఉందని శత్రువు నమ్మింది. డిసెంబరు 3-4 రాత్రి ఘాజీ విశాఖ రేవు బయట మునిగింది.

మన దళానికి ఇదే చెయ్యాలి. యూరోపా వాళ్ళకి ఆరు వేడి చుక్కలు కనపడతాయి. ఏ చుక్క వంశధారో తెలియకూడదు. గిడుగు నౌక ఉన్నది అందుకే.

జయపురం_కక్ష్య

ఒక చిక్కుంది సార్. ఇంజిన్ మండేటప్పుడు జ్వాల ఎంత వెలుగుతోంది, నౌక వేగం ఎంత చప్పున పెరుగుతోంది అని చూస్తే దాని బరువు లెక్క కట్టేయొచ్చు. బరువు తెలిస్తే ఏ నౌకో తెలిసిపోతుంది. అందుకని మొదటి మంట కాలిస్టో చాటున మండాలి, యూరోపా వైపు నుంచి కనపడకుండా. ఆ తర్వాత యూరోపా దాకా ఇంజిన్ ఆపేసి తేలుతూ పోవడమే, 4.7 రోజులు. అప్పుడు బయటికి తెలిసేది పలకల వేడి ఒక్కటే. దాన్ని ఎక్కువ తక్కువ చేసుకోవడం మన చేతిలో పని.

మహేంద్రగిరి

సిగ్నల్ గారు, కక్ష్య తమ్ముడు చెప్పినవి కలిపితే నాకొకటి తోచింది. నాగావళి నిండా హైడ్రోజన్. ద్రవ హైడ్రోజన్ ఘనమీటరుకి 71 కిలోలే, కాబట్టి దాని ట్యాంకులు దళంలో అన్నిటికన్నా పెద్దవి. చూపుకి తల్లినౌకంత ఉంటుంది. నాగావళినే వంశధారలా నటించమంటే? గానిమీడ్ వైపు అది వెళ్తుంది, దళపతి గొంతు దానిలోంచి వినిపిస్తుంది. శత్రువు దాని మీద పడతాడు. అసలు వంశధార యూరోపా చేరుతుంది.

సునాబెడ_టర్బైన్

వద్దమ్మా. ఎంత మంచి మలుపైనా వద్దు. దళానికి తిండి పెట్టే నౌకని ఎర వెయ్యకూడదు. విశాఖలో 2011లో శక్తి అనే ట్యాంకర్ నౌకాదళంలో చేరింది. అలాంటి నౌకకి చుట్టూ కాపలా పెడతారు గానీ శత్రువు నోట్లో పెట్టరు. నాగావళి పోతే మిగతా అయిదూ యూరోపా కక్ష్యలో ఖాళీ ట్యాంకులతో మిగిలిపోతాయి. అప్పుడు యుద్ధం గెలిచినా లాభం లేదు.

సిరొంచ_రేవు

నేను బాబాయ్ దిక్కే. కడుపు కాడ ఆట ఆడొద్దు.

వంశధార_గట్టు

నేనడిగిన ప్రశ్న దగ్గరికే వచ్చాం. జయపురం తమ్ముడూ, వెళ్ళిరావడానికి ఎంత ఇంధనమో వేసి చూపించు. ఏటేటి వదిలేశావో కూడా చెప్పు, చదివేవాళ్ళకి తెలియాలి.

జయపురం_కక్ష్య

వేశాను మాస్టారూ. చందమామల సొంత గురుత్వం పక్కన పెట్టి, గురుడి చుట్టూ కక్ష్యలు మారడానికి అయ్యేది మాత్రమే తీసుకున్నాను. అణు ఇంజిన్, వెనక్కి చిమ్మే హైడ్రోజన్ వేగం సెకనుకి 9 కి.మీ. అమెరికావాళ్ళు 1973లో ఆపేసిన అణు రాకెట్ పరీక్షల్లో దీనికి కాస్త తక్కువ వచ్చింది, కథాకాలానికి 9 అనుకోవడం అత్యాశ కాదు.

కాలిస్టో నుంచి యూరోపాకి మొత్తం వేగ మార్పు సెకనుకి 5.2 కి.మీ. బయల్దేరడానికి 2.3, అక్కడ ఆగడానికి 2.9. మా కొత్తవలస–కిరండూల్ లైన్లో ఇనుప ఖనిజం గూడ్సు బండి ఘాటు దిగేటప్పుడు ఇంజిన్ కన్నా బ్రేకు మీద ఎక్కువ ఆధారపడుతుంది, ఇదీ అంతే. గురుడి వైపు దిగుతున్నాం కాబట్టి ఆపడానికే ఎక్కువ ఖర్చు.

వెళ్ళడానికి మాత్రమే అయితే 100 టన్నుల నౌకకి 78 టన్నుల హైడ్రోజన్. మళ్ళీ కాలిస్టో దాకా తిరిగి రావడానికి కూడా మోసుకెళ్తే 218 టన్నులు. రెట్టింపు కాదు, దాదాపు మూడింతలు, ఎందుకంటే వచ్చేటప్పటి ఇంధనాన్ని వెళ్ళేటప్పుడు మొయ్యాలి, దాన్ని అక్కడ ఆపాలి.

ఇప్పుడు నాగావళి గానిమీడ్ దగ్గర కాచుకుని ఉందనుకోండి. దళం యూరోపా నుంచి గానిమీడ్ దాకా వస్తే చాలు, దానికి వేగ మార్పు సెకనుకి 2.8 కి.మీ. అప్పుడు ఒక్కో 100 టన్నులకి 143 టన్నులు పట్టుకెళ్తే సరిపోతుంది. నూటికి 75 టన్నుల హైడ్రోజన్ తగ్గింది. ఆ బరువుకి బదులు మంచు పెట్టుకోవచ్చు, బాబాయ్ చెప్పిన పన్నెండు నిమిషాలు పెరుగుతాయి. మిసైళ్ళు పెట్టుకోవచ్చు. కాబట్టి నాగావళి దళంతోనూ వెళ్ళదు, కాలిస్టోలోనూ ఉండదు. గానిమీడ్‌లో ఉండాలి.

ఇంకో వింత. కాలిస్టో నుంచి దగ్గరున్న గానిమీడ్‌కి 5.8 రోజులు పడుతుంది, దూరమున్న యూరోపాకి 4.7 రోజులే. లోపలికి దిగే కొద్దీ గురుడు గట్టిగా లాగుతాడు, పరుగు పెరుగుతుంది.

దారి ఎప్పుడు పడితే అప్పుడు తెరుచుకోదు. కాలిస్టో నుంచి యూరోపాకి ప్రతి నాలుగున్నర రోజులకి ఒకసారి బయల్దేరే సమయం వస్తుంది. గానిమీడ్‌కి పన్నెండున్నర రోజులకి ఒకసారి. యుద్ధం అయ్యాక యూరోపా నుంచి గానిమీడ్‌కి ఏడు రోజులకి ఒకసారి. కాబట్టి ట్యాంకర్ ముందు బయల్దేరాలి. దళం యూరోపా దగ్గర పోరు పెట్టుకునే గంట కూడా తిరుగుదారి తెరుచుకునే గంటకి సరిపోవాలి. తప్పితే శత్రువు కక్ష్యలో ఏడు రోజులు.

వంశధార_గట్టు

ఈ లెక్క చూశాక నా మనసు కుదుటపడింది. తిరుగుదారి గంటే పోరు గంటని నిర్ణయిస్తుంది. దళపతికి తనకి నచ్చిన సమయంలో కొట్టే స్వేచ్ఛ లేదు. మహేంద్రగిరి గారూ, ఆవిడ ఈ లెక్క కాగితం ముందు పెట్టుకుని కూర్చునే ఘట్టం ఒకటి ఉండాలి.

దెగ్లూర్_దవాఖానా | దెగ్లూర్, నాందేడ్ జిల్లా

అందరు నౌకల లెక్క చేస్తున్నరు, నేను నాగావళిల ఉన్న మనుషుల లెక్క అడుగుత. దవాఖానల పని చేసేదాన్ని, మోతాదు మాట వస్తే ఊకోలేను.

గానిమీడ్ నేల మీద రోజుకు సుమారు 0.08 సీవర్ట్. యూరోపా కన్న మస్తు తక్కువే, కని తక్కువంటే ఏమీ లేదని కాదు. అణు కేంద్రాలల్ల పనిచేసేటోళ్ళకు అంతర్జాతీయంగ పెట్టిన హద్దు అయిదేండ్ల సగటున ఏడాదికి 0.02 సీవర్ట్. కాపు లేకుంటే గానిమీడ్ కాడ ఆరు గంటలల్ల ఆ హద్దు దాటుతరు. ఒక సీవర్ట్ ఒక్కసారి పడ్డదంటే వాంతులు మొదలైతయి. దళం పొయ్యి వచ్చేదాంక నాగావళి ఆడ కనీసం వారం పైన ఆగాలె.

కాపు ఉంటదా అంటే ఉంటది. హైడ్రోజన్ నిండిన ట్యాంకులే మంచి కాపు. సిబ్బంది గదులను నడుమ పెట్టి చుట్టూత ట్యాంకులు పెడితే చాన మట్టుకు ఆగుతది. కని గమనించుండ్రి, నాగావళి పని ఆ ట్యాంకులు ఖాళీ చేసుడు. దళం వచ్చి ఇంధనం తీసుకుంటున్న కొద్దీ లోపలోళ్ళ గోడ పలచబడ్తది. ఆఖరి నౌకకు ఎక్కించేటప్పటికి వాళ్ళ చుట్టు ఏం మిగలదు. మళ్ళ వాళ్ళు కాలిస్టోకు 5.8 రోజులు రావాలె.

ఇది రాయకుండ అధ్యాయం రాస్తే నేను ఒప్పుకోను.

మహేంద్రగిరి

దవాఖానా చెల్లీ, ఇంత ముఖ్యమైన సంగతి ఎనిమిది అధ్యాయాల్లో ఎవరికీ తట్టలేదు. ఎర ఆలోచన వదిలేస్తున్నాను, నాగావళికి ఇదే చాలినంత బరువు.

సునాబెడ_టర్బైన్

నడిమధ్యలో నీళ్ళ గది ఒకటి పెట్టించమ్మా. ఇంధనంతో సంబంధం లేని నీళ్ళు, ఎవరికీ ఇవ్వనివి. ఇరుకే గానీ ప్రాణం నిలుస్తుంది. విశాఖ బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ లోపలికి వెళ్ళినవాళ్ళకి ఆ ఇరుకు తెలుసు, పక్క మీద పక్క, పక్కన టార్పెడో. ఇంకోటి, గానిమీడ్‌కి సొంత అయస్కాంత క్షేత్రం ఉంది, చందమామలన్నిటిలో దానికొక్కదానికే. మధ్యరేఖ మీదుగా తిరిగితే కొంత కాపు దొరుకుతుంది.

బరంపురం_సిగ్నల్

మరి ఎరగా ఎవరు? నా ఓటు మాచ్‌ఖండ్‌కి. రాజ్‌పుత్ లాగే పాతది, ఇంకో యుద్ధం చూడని నౌక. దళపతి గొంతుని, వంశధార రాడార్ తీరుని, సరుకుల ఇండెంట్లని గిడుగు తయారుచేసి ఇస్తుంది, మాచ్‌ఖండ్ వాటిని వినిపిస్తుంది. నాగావళికి కావలిగా గానిమీడ్ వైపు వెళ్తున్నట్టు కనపడాలి, తల్లినౌక ట్యాంకర్‌ని వెంటపెట్టుకుని పోతోందని శత్రువు అనుకోవాలి. ఆ తర్వాత నాగావళికి దూరంగా జరిగిపోవాలి, దెబ్బ తన మీదే పడేట్టు.

సరుకుల ఇండెంట్లు మాత్రం వదలొద్దు. కాలిస్టో రేవులో మాచ్‌ఖండ్ పేరున పదింతల తిండి ఎక్కించినట్టు పద్దు రాయించండి. యూరోపా గూఢచారి చూసేది ముందు ఆ పద్దునే.

సిరొంచ_రేవు

మాచ్‌ఖండ్ల మనుషులు సస్తరా?

జయపురం_కక్ష్య

ఆ నౌకకి సహాయం పంపే ఇంధనం దళానికి ఉండదన్నా. 143 టన్నుల లెక్కలో యూరోపాకి పోవడం, గానిమీడ్‌కి రావడం తప్ప మూడో దానికి చోటు లేదు. సగం సిబ్బందిని నాగావళికి ముందే మార్చేయొచ్చు. ఎర నడపడానికి ఎంతమంది కావాలో అంతమందే ఉండాలి.

దెగ్లూర్_దవాఖానా

మారినోళ్ళు కూడ ఆ నీళ్ళ గదిల పట్టాలె కద. గది ఎందరికి సరిపోతదో ముందుగాల తేల్చుండ్రి.

మహేంద్రగిరి

పట్టరు. అందరూ పట్టరు. అక్కడే నా అధ్యాయం ఆగి నిలబడుతుంది. ముసాయిదాలో ఒక ముక్క పెడుతున్నాను, చదివి చెప్పండి.

"పంపు గదిలో చీఫ్ ఎడమ చెయ్యి గొట్టం మీద ఆనించి ఉంచింది. మీటరు చూడదు, చూడక్కర్లేదు. ద్రవం పారుతున్నంతసేపూ గొట్టం సన్నగా వణుకుతుంది, వణుకు మారితే ఆమెకి తెలుస్తుంది. ఇంద్రావతికి ఎక్కించడం అయింది. వంశధార రెండో వరసలో ఉంది. నాలుగో ట్యాంకు అడుగంటింది, అయిదోది తెరవాలి.

అయిదో ట్యాంకు పడకగదుల గోడ.

'తెరువు' అన్నాడు కెప్టెన్.

'మాచ్‌ఖండ్ పిల్లలు పన్నెండుమంది ఆ గోడకి ఇవతల పడుకున్నారు. నీళ్ళ గదిలో చోటు లేదు.'

'వంశధారలో నాలుగువందల మంది ఉన్నారు చీఫ్.'

ఆమె ఒడియాలో తన సహాయకుణ్ణి పిలిచింది. 'వాళ్ళని లేపు. వంటగది సామాన్లన్నీ బయట పడెయ్యి, బియ్యం, చోడిపిండి, నీళ్ళ డబ్బాలు మాత్రం గోడకి పేర్చు. వంటగదిలో పడుకుంటారు.' అప్పుడు అయిదో కవాటం మీద చెయ్యి వేసింది."

సునాబెడ_టర్బైన్

గొట్టం మీద చెయ్యి ఆనించడం బాగుంది. కానీ ద్రవ హైడ్రోజన్ 20 కెల్విన్‌లో ఉంటుంది, వట్టి చేత్తో గొట్టం ముట్టుకుంటే చర్మం అంటుకుపోతుంది. గొట్టానికి శూన్యపు తొడుగు ఉంటుందని ఒక్క మాట రాయి. ఆ తొడుగు మీద చెయ్యి పెట్టిందను. వణుకు తొడుగు మీదికీ వస్తుంది.

దెగ్లూర్_దవాఖానా

చోడిపిండి డబ్బాలు గోడకు పేర్చుడు నాకు నచ్చింది. తిండి సరుకుల ఉన్న నీళ్ళు, పిండి కూడ కొంత ఆపుతయి. రాసుండ్రి.

వంశధార_గట్టు

చీఫ్ కెప్టెన్‌కి ఎదురు చెప్పలేదు, ఆజ్ఞ తప్పలేదు, పన్నెండుమందినీ ఒగ్గెయ్యలేదు. ఈ ఘట్టం మార్చకండి. ఒకటే అడుగుతున్నాను. గిడుగు నౌక ఈ సమయంలో ఏం చేస్తోంది? పేరు పెట్టింది మీరే కదా.

మహేంద్రగిరి

మా పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు బడిలో పాఠాలు చెబుతూనే సవరల ఊళ్ళకి వెళ్ళి వాళ్ళ మాట నేర్చుకున్నారు, ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఎదుటివాడు మాట్లాడేది చెవి పెట్టి వినే నౌకకి ఆయన పేరు పెట్టాలనిపించింది. మాచ్‌ఖండ్ చివరిసారి దళపతి గొంతుతో మాట్లాడినప్పుడు దాన్ని వినేది గిడుగే. ఆ తర్వాత ఆ గొంతుని యూరోపా వాళ్ళకి ఇంకో నాలుగు నిమిషాలు వినిపిస్తూనే ఉంటుంది, మాచ్‌ఖండ్ ఇంకా ఉందనిపించడానికి.

బరంపురం_సిగ్నల్

నాలుగు నిమిషాలు చాలు. బాబాయ్ లెక్కలో పన్నెండులో మూడో వంతు. అయితే గిడుగు మాచ్‌ఖండ్‌కి దగ్గర్లో ఉండాలి, లేకపోతే గొంతు వేరే దిక్కు నుంచి వస్తోందని ఏంటెన్నాలు పట్టేస్తాయి. గిడుగుని కూడా గానిమీడ్ వైపే పంపండి.

జయపురం_కక్ష్య

అయితే మూడు నౌకలు గానిమీడ్‌కి, మూడు యూరోపాకి. ముందు గానిమీడ్ వరస బయల్దేరుతుంది. యూరోపా వరస తర్వాత వచ్చే నాలుగున్నర రోజుల దారుల్లో ఒకటి పట్టుకుంటుంది. ఏ దారి అన్నది తిరుగుదారి గంట నుంచి వెనక్కి లెక్కేసి రేపు పెడతాను. మూడు చందమామల స్థానాలూ ఒక్క కాగితం మీద గీస్తాను.

సిరొంచ_రేవు

సోమ్నూరు పడవల నలుగురు ఎవరెవరో రాసుకున్న. పైలట్ మా సిరొంచ దిక్కు పిల్ల, మిగిలిన ముగ్గురిల ఒకడు మాచ్‌ఖండ్ కెప్టెన్ తమ్ముడు. ఆని అన్న పోయిన సంగతి ఆనికి పన్నెండు నిమిషాలు అయినంకనే చెప్పాలె. అక్కా, ఆ కెప్టెన్ పాత్ర ఎవరు రాస్తున్నరు?

బరంపురం_సిగ్నల్

నాకివ్వండి. పాత ఓడలో చేసినవాణ్ణి, ఆ కెప్టెన్ నాకు తెలుసు.

మహేంద్రగిరి

మీకే సార్. శనివారంలోగా మొదటి పేజీలు పంపండి, పంపు గది ఘట్టాన్ని వాటి తర్వాత కుట్టుకుంటాను.